ఆతిథేయి అర్హతలు

మనసులో చోటున్నచో ఇంటిలో చోటు దానంతటదే దొరకునని మనము మాటవరుసకు అందుము. మనుష్యుల విషయమున ఇది చాలవరకు నిజమే. రెండు గదుల ఇంటిలో ఇరువదిమంది చుట్టములను నిలుపుకొని పెండ్లి జరిపించిన కుటుంబములు మన పలమనేరులో ఎన్ని లేవు! కాని యంత్రముల విషయమున ఈ ఉదారత చెల్లదు. ఒక కంప్యూటరు తన లోపల మరికొన్ని కంప్యూటర్లకు ఆశ్రయమీయవలెనన్నచో దాని వైశాల్యమును, గోడల బలమును, పత్రముల చెల్లుబాటును ముందుగా పరీక్షింపవలసి ఉన్నది. ఆ పరీక్ష లేకయే అతిథులను పిలుచుట చిన్న పట్టణముల విద్యాసంస్థలలో అలవాటగుచున్నది. దానిని గూర్చి మా అభిప్రాయమును చదువరుల ముందుంచుచున్నాము.

తెలుగు బోధించువారికి సర్వర్ల ప్రసంగము ఎందుకని కొందరు నవ్వవచ్చును. ఈ శాస్త్రములో వాడుకలోనున్న రెండు ముఖ్యమైన మాటలు మాత్రము మన ఇంటి మాటలే. ఆశ్రయమిచ్చు యంత్రమును ఆతిథేయి అనియు, దానిలో నివసించు యంత్రమును అతిథి అనియు అందురు. మన ఉర్దూ విభాగపు మిత్రులు మేజ్‌బాన్, మెహమాన్ అని ఇంకను సొంపుగా చెప్పగలరు. ఒక బలమైన కంప్యూటరుపై హైపర్‌వైజర్ అను పాలక సాఫ్టువేరును స్థాపింతురు. అది ప్రాసెసరును, ర్యామును, డిస్కును పంచిపెట్టి, ఒక్కొక్క భాగమును ఒక్కొక్క పూర్తి కంప్యూటరుగా నటింపజేయును. ఆ నటించు కంప్యూటరే వర్చువల్ యంత్రము. ఒకదానిలో విండోస్, ఇంకొకదానిలో లినక్స్ నడుచుచుండవచ్చును. ఒకదాని సంగతి మరియొకదానికి తెలియదు. తిథి నియమము లేక వచ్చువాడు అతిథి అని మనము తరగతిలో చెప్పుదుము. ఇక్కడి అతిథి అటువంటివాడు కాడు. ఇన్ని కోర్లు, ఇంత ర్యాము, ఇంత డిస్కు అని ముందే ఒప్పందము చేసికొని వచ్చువాడు. కనుక అద్దెకున్నవాడు, కిరాయాదారు అనుటయే న్యాయము. పేరు పడిపోయినది, దానితోనే నడుచుకొందము.

ఇది మనకెందుకు? ఈ సంచికనే చూడుడు. మన వంటి ద్విభాషా పత్రికల ఉర్దూ పుటలు చాలకాలము ఇన్‌పేజ్‌లోను, తెలుగు పుటలు పేజ్‌మేకరులో అను ఫాంట్లతోను కూర్చబడినవి. ఇన్‌పేజ్ 1994లో వెలువడినది. దాని పాత సంచికలు అక్షరములను తమదైన సంకేతములలో దాచుకొనినవి. అను ఫాంట్లును యూనికోడ్ క్రమమును అనుసరించినవి కావు. తెలుగునకు 1991లోనే యూనికోడ్‌లో స్థానము దొరికినను, విండోస్ ఎక్స్‌పి 2001లో గౌతమి ఖతితో తెలుగును చూపనారంభించినను, ముద్రణాలయములు మాత్రము తమ పాత పద్ధతిని వదలలేదు. ఫలితముగా ఆనాటి ఫైళ్లను సరిగా తెరువవలెనన్న ఆనాటి సాఫ్టువేరే కావలెను. ఆ సాఫ్టువేరునకు ఆనాటి విండోసే కావలెను. ఆ విండోసు నడుచుటకు ఆనాటి కంప్యూటరే కావలెను. ఆ కంప్యూటర్ల బోర్డులపై కెపాసిటర్లు ఉబ్బి, డిస్కులు గరగరలాడుచు ఒక్కొక్కటిగా మూలపడుచున్నవి. ఎక్స్‌పికి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8తో మద్దతు ముగించినది. మూలపడిన యంత్రముతోపాటు ఒక తరము విద్యార్థుల కథలు, గజళ్లు, వ్యాసములు కూడ మూలపడును. అచ్చు ప్రతులు చెదలకు పోగా మిగిలినది ఆ ఫైళ్లే. ఎక్స్‌పిని ఒక కొత్త సర్వరులో అతిథిగా నిలుపుకొనుట ఈ ఫైళ్లను బ్రతికించుకొనుటకు మాకు తోచిన తగిన దారి.

ఇంకను ఉపయోగములున్నవి. గ్రంథాలయపు జాబితాకు కోహా అను ఉచిత సాఫ్టువేరు లినక్స్‌పై నడుచును. కార్యాలయపు లెక్కలు విండోసుపై నడుచును. కంప్యూటరు విభాగపు పిల్లలకు చెడగొట్టి నేర్చుకొనుటకు వేరొక లినక్స్ కావలెను. వీనికి నాలుగు పెట్టెలు కొని, నాలుగింటికి నాలుగు యు.పి.ఎస్.లు తగిలించి, నాలుగును పగలెల్లను పదింట ఒక వంతు పని కూడ లేక వేడెక్కుచుండుట చూచుటకంటె, ఒక్క మంచి సర్వరులో నాలుగు అతిథులను నిలుపుట మేలని ఎవరైనను ఒప్పుకొందురు. చిక్కంతయు ఆ ‘మంచి’ అను విశేషణములోనున్నది.

ఏది మంచి యంత్రమనుటకు ప్రమాణము చాలకాలము క్రిందటనే ఏర్పడినది. ఐ.బి.ఎం. సంస్థ 1972లో తన పెద్ద యంత్రములకు వి.ఎం./370 అను వ్యవస్థను ప్రకటించినది. రెండేండ్ల తరువాత, 1974లో, జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక యంత్రము ఆతిథేయి కాదగునా అని తేల్చుటకు నియమములు వ్రాసినారు. అతిథిలోని ప్రోగ్రాము నిజమైన యంత్రముపై నడిచినట్లే నడువవలెను. యంత్రపు వనరులపై అధికారము సంపూర్ణముగా పాలకునిదే కావలెను. అతిథి ఆజ్ఞలలో అత్యధిక భాగము పాలకుని జోక్యము లేక నేరుగా ప్రాసెసరుపై నడువవలెను. తక్కిన వివరములన్నియు ఈ మూడింటికి వ్యాఖ్యానములే అని మా ఉద్దేశము.

మన బల్లలపైనున్న ఇంటెల్ తరహా ప్రాసెసర్లు ఈ పరీక్షలో చాలకాలము తప్పినవి. పెంటియం ప్రాసెసరులో పదునేడు ఆజ్ఞలు పాలకునికి తెలియకుండనే అతిథి చేత నడుపబడగలవని 2000లో ఇద్దరు పరిశోధకులు లెక్క తేల్చినారు. అనగా కిరాయాదారు యజమాని నడుగక మీటరు పెట్టె తెరువగలడన్నమాట! వి.ఎం.వేర్ అను సంస్థ 1999లో ఈ ఆజ్ఞలను అప్పటికప్పుడు తిరిగి వ్రాయు ఉపాయముతో ఈ చిక్కును దాటినది. ఆ పిమ్మట 2005లో ఇంటెల్, 2006లో ఎ.ఎం.డి. సంస్థ తమ ప్రాసెసర్లలోనే ఆతిథ్యమునకు ప్రత్యేకమైన ఏర్పాటు చేసినవి. ఇంటెల్ వారిది వి.టి.-ఎక్స్, ఎ.ఎం.డి. వారిది ఎ.ఎం.డి.-వి. ఈనాటి సర్వర్ హైపర్‌వైజర్లు ఈ ఏర్పాటు లేని ప్రాసెసరును గుమ్మములోనికే రానీయవు. దానితోపాటు ప్రాసెసరు అరువదినాలుగు బిట్లది కావలెను. అతిథుల ర్యాము చిరునామాలను ప్రాసెసరే స్వయముగా అనువదించు రెండవ అంచె ఏర్పాటును విండోస్ సర్వర్ 2016 నుండి హైపర్-వి తప్పనిసరి చేసినది. సమాచారముండవలసిన చోట ఆజ్ఞలను నడువనీయని రక్షణ, ఎన్.ఎక్స్. లేక ఎక్స్.డి. అనునది, తెరచి ఉండవలెను.

ఇక్కడ ఒక చిన్న విషయము పెద్ద నష్టమునకు కారణమగుచున్నది. ప్రాసెసరులో ఈ శక్తి ఉన్నను బయాస్‌లో దాని మీట మూసియుండుట సర్వసాధారణము. స్థాపన మొదలు పెట్టగానే యంత్రము పనికిరాదను సందేశము కనబడును. అది చూచి యంత్రమునే తిరుగగొట్టుటయు, లేక కొత్తది కొనవలెనని సలహా చెప్పుటయు వింతలు కావు. యంత్రమును తిరిగి ప్రారంభించి, బయాస్‌లోనికి వెళ్లి, వర్చువలైజేషన్ అను మాట ఎదుట తెరచి ఉంచుమని ఎన్నుకొనుటకు రెండు నిమిషములు చాలును. పది వేల రూపాయల సలహాకంటె ఈ రెండు నిమిషములు విలువైనవి.

ర్యాము సంగతి వేరు. అక్కడ మీటలు లేవు, లెక్క మాత్రమే ఉన్నది. వి.ఎం.వేర్ వారి ఇ.ఎస్.ఎక్స్.ఐ. 8 స్థాపనకు కనీసము రెండు కోర్లు, 8 జి.బి. ర్యాము, 32 జి.బి. డిస్కు కావలెను. హైపర్-వికి కనీసము 4 జి.బి. అని వ్రాసియుందురు. ఈ కనీసములు చూచి మురిసిపోవువారిని చూచినచో మాకు జాలి కలుగును. ఇవి పాలకుడు కూర్చొనుటకు చాలిన కుర్చీ మాత్రమే. అతిథుల మంచములు వేరుగా లెక్కింపవలెను. 32 జి.బి. ర్యాము గల సర్వరు ఉన్నదనుకొందము. పాలకునికి 4, కోహాకు 4, కార్యాలయపు విండోసునకు 8, ఎక్స్‌పికి 2, అభ్యాసమునకు రెండేసి జి.బి.ల చొప్పున అయిదు లినక్స్ అతిథులకు 10. మొత్తము 28. చేతిలో మిగిలినది 4. ఆ నాలుగును ఇంకెవరికో ఈయవచ్చునని తోచును. ఈయరాదు. మొగిలి కనుమ ఎక్కు లారీని చూచినవారికి దీని కారణము చెప్పనక్కరలేదు. సమతలముపై ఎంత బరువైనను కదలును. ఎగువ వచ్చినపుడు మిగిలిన శక్తి యుండవలెను. పరీక్షా ఫలితముల దినమున, ఫీజుల చివరి దినమున అతిథులందరును ఒక్కసారి అడుగుదురు. అప్పుడు ర్యాము చాలక పాలకుడు డిస్కును ర్యాముగా వాడనారంభించినచో అన్నియు కలిసి నత్తనడక నడుచును. ప్రాసెసరు కోర్లను ఉన్నవానికంటె కొంత ఎక్కువగా వాగ్దానము చేయవచ్చును, అందరును ఒకే క్షణమున అడుగరు కనుక. ర్యామును మాత్రము అట్లు పంచరాదు.

ముప్పదిమంది విద్యార్థుల ప్రయోగశాలనంతయు ఇట్టి ఒక్క సర్వరులో దూర్చవచ్చునా అని కొందరు అడుగుదురు. పైలెక్క ప్రకారము వారికే 60 జి.బి. కావలెను. బొమ్మలు గీయు సాఫ్టువేరులు నడుపుటకు అదియు చాలదు. వారికి విడి కంప్యూటర్లే మేలు. ప్రతి వ్యాధికి ఒకే మందు అమ్మువానిని సంతలో నమ్మము, కంప్యూటరు దుకాణములో నమ్ముట ఎందులకు?

సర్వరు కొనుటకు మన ప్రాంతమువారు బెంగుళూరు వైపు చూతురు. ఎస్.పి. రోడ్డులో కంపెనీలు వాడి వదలిన సర్వర్లు చవకగా దొరకునని విని పోవువారున్నారు. వాడినది కొనుట తప్పు కాదు. ఏ తరమునకు చెందినదో చూడక కొనుట తప్పు. 2011, 2012 ప్రాంతపు శాండీ బ్రిడ్జి తరము జియాన్ ప్రాసెసర్లను ఇ.ఎస్.ఎక్స్.ఐ. 8 తన జాబితా నుండి తొలగించినది. అట్టి యంత్రముపై పాత సంచికలతోనే ఆగిపోవలెను. పాత సంచికలకు రక్షణ సవరణలు ఆగిపోవును. 6.7 సంచికకు 2022 అక్టోబరులోను, 7.0 సంచికకు 2025 అక్టోబరులోను సాధారణ మద్దతు ముగిసినది. సవరణలు లేని యంత్రమున కేమగునో 2023 ఫిబ్రవరిలో లోకము చూచినది. రెండేండ్ల క్రిందటనే సవరణ వెలువడియున్నను దానిని వేసికొనని వేలకొలది ఇ.ఎస్.ఎక్స్.ఐ. సర్వర్లలోనికి దుండగులు ప్రవేశించి, అతిథుల డిస్కు ఫైళ్లకు తాళములు వేసి సొమ్ము అడిగినారు. ఒక కంప్యూటరు దొంగల పాలైనచో ఒక కంప్యూటరే పోవును. ఆతిథేయి దొంగల పాలైనచో ఇంటిల్లిపాదియు పోవును. కనుకనే ఆతిథేయిని నడుపు ద్వారము విద్యార్థుల వలకుగాని, బయటి ఇంటర్నెట్‌కుగాని కనబడకుండ ఉండవలెనను నియమమును మేము కోర్ల లెక్కకంటె ముందుంచుదుము.

నెట్‌వర్కు కార్డు కథ కొంచెము వినోదముగా నున్నది. సాధారణ డెస్కుటాప్ బోర్డులపై తరచుగా కనబడు రియల్‌టెక్ చిప్పులకు వి.ఎం.వేర్ వారి ఆమోదిత జాబితాలో చాలకాలము చోటు లేకపోయినది. పైగా 2020లో వచ్చిన 7.0 సంచిక పాత తరహా డ్రైవర్లనన్నిటిని వదలివైచినది. కార్డు కనబడనిచో స్థాపన అక్కడనే ఆగును. అదే సమయమున, లినక్స్ ఆతిథేయిపై ఎక్స్‌పిని అతిథిగా నిలిపినచో దానికి ఈనాటి కొత్త కార్డులు తెలియవు. దానికి తెలిసిన పాత రియల్‌టెక్ కార్డునే పాలకుడు నటించి చూపవలెను! డిస్కు కూడ ఐ.డి.ఇ. తరహాదిగా నటింపవలెను. ఒక ఇంటిలో గుమ్మము దాటనీయని వానిని మరియొక ఇంటిలో వేషము కట్టి రప్పించుట మన నాటకములలో కూడ ఉన్నదే.

స్థాపనకు ముందు తెలియవలసిన మరికొన్ని హద్దులున్నవి. సర్వరు తరహా హైపర్‌వైజరు నేరుగా ఖాళీ యంత్రముపై కూర్చొనును. స్థాపించు డిస్కుపై అంతకుముందున్న సమస్తమును తుడిచివేయును. ఇది అందరును చదివి ‘సరే’ అని నొక్కు హెచ్చరికయే అయినను, నొక్కిన తరువాత తిరిగిరాదు. అదే డిస్కుపై కార్యాలయపు లెక్కలున్నచో వానికి ముందుగా వేరొక చోట నకలుండవలెను. ఆతిథేయిపై ఆతిథ్యము తప్ప వేరు పని పెట్టరాదు. హైపర్-వి నడుచు విండోస్ సర్వరుపై మరే ఇతర పాత్రయు పెట్టవద్దని మైక్రోసాఫ్ట్ వారే చెప్పుదురు. దానిపైననే ఫైళ్లు పంచుట, ముద్రణ, టైపు పని చేయించుట మనవారి పొదుపు బుద్ధి. ఆ పొదుపు ఆతిథేయిని తరచుగా తిరిగి ప్రారంభింపజేయును. అది తిరిగి ప్రారంభమైన ప్రతిసారి అతిథులందరును లేచి నిలబడవలసినదే. ఒకే ఖాళీ యంత్రముపై రెండు సర్వర్ హైపర్‌వైజర్లు ప్రక్క ప్రక్కన ఏలజాలవు. ప్రాసెసరులోని ఆతిథ్యపు ఏర్పాటు ఒక పాలకుని చేతిలో ఉండును. విండోస్ 10, 11 హోమ్ ప్రతులలో హైపర్-వి లేనే లేదు. ఒకప్పుడు ఇ.ఎస్.ఎక్స్.ఐ.ని పెన్‌డ్రైవుపైననో, చిన్న ఎస్.డి. కార్డుపైననో స్థాపించుట ఆచారముగా నుండెడిది. 7.0 నుండి అది తన డిస్కుపై ఎక్కువగా వ్రాయుచుండుటచే ఆ కార్డులు త్వరగా అరిగిపోవుట మొదలైనది. కనుక సరియైన డిస్కు కావలెను.

మన పాత సంచికల విషయమున అన్నిటికంటె కీలకమైన హద్దు ఒకటి కలదు. పాత సాఫ్టువేరులు కొన్ని డాంగిల్ అను చిన్న తాళపు ముక్కను కంప్యూటరు వెనుక గుచ్చినగాని తెరచుకొనవు. ఆ ముక్క ఆతిథేయికి గుచ్చబడును. అతిథి దానిని చూడగలదా? ఇ.ఎస్.ఎక్స్.ఐ. లోను, లినక్స్ వారి కె.వి.ఎం. లోను యు.ఎస్.బి. తాళమును నేరుగా ఒక అతిథికి అప్పగింపవచ్చును. హైపర్-విలో అట్టి సదుపాయము లేదు. ఈ ఒక్క విషయము తెలియక హైపర్-వి కొన్నచో, అంతయు అమరిన పిదప ఎక్స్‌పి తెరచి ఉర్దూ పుటలు తెరువబోవగా తాళము లేదను సందేశము వచ్చును. ర్యాము ఎంతున్నను దానికి ప్రయోజనము లేదు. తాళము ప్రింటరు గుచ్చు పాత ప్యారలల్ పోర్టుదైనచో చిక్కు ఇంకను ఎక్కువ. ఈనాటి సర్వర్లలో ఆ పోర్టే అరుదు. అట్టివారు పాత యంత్రము ఊపిరుండగనే ఫైళ్లనన్నిటిని పి.డి.ఎఫ్. గానైనను మార్చి ఉంచుకొనుట ఉత్తమము.

ఎక్స్‌పి లైసెన్సు గూర్చియు నిజము చెప్పుకొనవలెను. కొత్త కంప్యూటరుతో కలిసి వచ్చిన ఎక్స్‌పి ప్రతి ఆ కంప్యూటరునకే బంధింపబడినది. ఆ పెట్టె చచ్చినచో లైసెన్సును దానితోనే పోవును. దానిని అతిథిగా మార్చుటకు అనుమతి లేదు. పెట్టెతో సంబంధము లేక విడిగా కొన్న ప్రతికి మాత్రమే ఆ వీలున్నది. అట్టి ప్రతి మూల అలమరలో నున్నదేమో కార్యాలయములు వెదకి చూచుకొనవలెను. సర్వరు లైసెన్సులలోను ఇట్టి మెలికలున్నవి. విండోస్ సర్వర్ స్టాండర్డ్‌ను యంత్రములోని కోర్లన్నిటికి లెక్కగట్టి కొనవలెను. కోర్లు ఎంత తక్కువైనను సర్వరునకు పదునారుకు తగ్గకుండ కట్టవలెను. అంత కట్టినను రెండు విండోస్ అతిథులకే అనుమతి. మూడవది కావలెనన్న మరల అంత సొమ్ము కట్టవలెను. లినక్స్ అతిథులకు ఈ లెక్క లేదు. ఉచితముగా లభించెడి హైపర్-వి సర్వరు 2019 సంచికతో ఆగిపోయినది.

ఇక వి.ఎం.వేర్ సంగతి. 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ సంస్థ దానిని కొన్నది. మరుసటి నెలలోనే శాశ్వత లైసెన్సుల అమ్మకము నిలిపి, ఏటేటా చందా కట్టు పద్ధతి తెచ్చినది. ఒక్కొక్క ప్రాసెసరునకు కనీసము పదునారు కోర్ల చందా. 2024 ఫిబ్రవరిలో ఉచిత ఇ.ఎస్.ఎక్స్.ఐ.ని ఆపినది. 2025 ఏప్రిల్‌లో తిరిగి ఇచ్చినది. పెద్ద బ్యాంకులు ఇట్టి మార్పులను న్యాయవాదులతో ఎదుర్కొనగలవు. ఏడాదికొకసారి గ్రాంటు కొరకు ఎదురుచూచు కళాశాల ఏమి చేయగలదు? ఒకరోజు ఇచ్చి ఒకరోజు తీసికొని మరల ఇచ్చు దానిపై పిల్లల చదువును ఆధారపరచరాదని మా దృఢమైన అభిప్రాయము. కె.వి.ఎం. 2007 నుండి లినక్స్ కెర్నెల్‌లోనే భాగము. దానిపై నిర్మింపబడిన ప్రాక్స్‌మాక్స్ 2008 నుండి స్వేచ్ఛా లైసెన్సుతో లభించుచున్నది. సహాయము కావలసినవారు దానికి చందా కట్టవచ్చును, కట్టనివారికి సాఫ్టువేరు ఆగదు. ఇది లోపములు లేనిదని మేము అనము. తెలిసిన మనిషి లేనిచో ఇదియు ఇనుప పెట్టెయే. కాని దీని అనుమతిని దూరదేశపు కార్యాలయము ఒక ప్రకటనతో ఉపసంహరింపజాలదు. మన వంటి సంస్థ ఎన్నికకు ఈ ఒక్క గుణము చాలును.

ఈ శ్రమ యంతయు ఏల, అన్నియు క్లౌడులో పెట్టుకొనరాదా అని అడుగువారికి సమాధానము చెప్పవలెను. ప్రశ్న న్యాయమైనది. 2011 నవంబరు 4న మీసేవ మన చిత్తూరు జిల్లాలోనే మొదట ప్రారంభమైనది. రెవెన్యూ, రిజిస్ట్రేషను శాఖల పది సేవలతో మొదలై, రాష్ట్ర డేటా సెంటరును, రాష్ట్రవ్యాప్తమైన వలను ఆధారము చేసికొని నడిచినది. కేంద్రము 2014లో మేఘరాజ్ పేరిట జాతీయ క్లౌడు సేవను నెలకొల్పినది. ఇవన్నియు దూరపు ఆతిథేయిలే. వాని మేలును కాదనలేము. తహశీలు కార్యాలయమునకు పదిసార్లు తిరిగిన కాళ్లు కౌంటరు ముందు ఒకసారి నిలిచినవి. కాని అదే కౌంటరు ముందు మన పల్లెవాసులు నేర్చుకొన్న ఇంగ్లీషు మాట ‘సర్వరు డౌన్’. ఆ మాట విని బస్సెక్కి తిరిగిపోయిన ముసలివారికి ఆ సర్వరు ఎక్కడున్నదో, దేనివలన పడిపోయినదో, ఎప్పుడు లేచునో చెప్పువారు లేరు. గ్రంథాలయపు జాబితా వంటి దానిని క్లౌడులో నుంచుటకు మాకు అభ్యంతరము లేదు. నెలనెలా అద్దె కట్టు స్తోమత, తెగని కనెక్షను ఉన్నచో అట్లే చేయవచ్చును. డాంగిల్ గుచ్చవలసిన ఉర్దూ పుటలను, చెడగొట్టి నేర్చుకొనవలసిన విద్యార్థుల యంత్రమును మాత్రము దూరమునకు పంపలేము. సర్వరు లోపలను విప్పి చూడని విద్యార్థి, ‘సర్వరు డౌన్’ అను మాటను రేపు కౌంటరు ఇవతలి నుండి కాక అవతలి నుండి పలుకువాడగును. భేదమంతే.

మనుష్యుల మాట వచ్చినది కనుక కుప్పమును తలచుకొందము. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ రాష్ట్ర ప్రభుత్వముతో కలిసి అక్కడ ఐ-కమ్యూనిటీ అను కార్యక్రమమును మూడేండ్ల పథకముగా ఆరంభించినది. పల్లెలలో సమాచార కేంద్రములు పెట్టినారు. స్త్రీలు సౌరశక్తితో నడుచు ఫోటో పరికరములు భుజమున తగిలించుకొని ఊరూర తిరిగి ఫోటోలు తీసి ఇచ్చినారు. ప్రపంచపు పత్రికలు కుప్పము పేరు వ్రాసినవి. ఏ పథకమునకైనను గడువుండును. యంత్రము తెచ్చినవారు గడువు తీరగనే పోవుదురు. దానిని నడుపగలవారు ఊరిలోనున్నంత కాలమే యంత్రమును ఉండును. ఆతిథేయి అర్హతల జాబితాలలో కంపెనీలు ఈ అర్హతను వ్రాయవు. బెంగుళూరు నుండియో, తిరుపతి నుండియో సర్వీసు ఇంజనీరు వచ్చువరకు నాలుగు అతిథులు నిలిచిపోవుట మన కళాశాలకు నాలుగు విభాగములు నిలిచిపోవుటతో సమానము. కంప్యూటరు విభాగములో ఇద్దరు, వారితో కలిసి ఇద్దరు సీనియరు విద్యార్థులు దీని స్థాపన మొదలు పునరుద్ధరణ వరకు చేతులార చేసి చూచినవారై యుండవలెను. ఒక్కడు చాలడు. ఆ ఒక్కడు బదిలీ అయినచో సంకేత పదమును అతనితోనే బదిలీ అగును.

నాలుగు గుడ్లు ఒకే బుట్టలో నుంచుట ప్రమాదము కాదా? ప్రమాదమే. అందుచేతనే ఒకదానికొకటి నకలుగా నడుచు రెండు డిస్కులు, తప్పులు సరిదిద్దుకొను ఇ.సి.సి. ర్యాము, సర్వరునకు తగిన యు.పి.ఎస్. ఉండవలెనని పట్టుబట్టవలెను. కరెంటు పోయినపుడు యు.పి.ఎస్. ఆ సంగతి ఆతిథేయికి తెలుపవలెను. ఆతిథేయి అతిథులను ఒక్కొక్కరిని క్రమముగా నిద్రపుచ్చి తాను ఆగిపోవలెను. ఈ కేబులు తగిలించు ఆచారము మన ఊరిలో తక్కువ. యు.పి.ఎస్. కొనుట, ఆ చిన్న కేబులు పెట్టెలోనే వదలివేయుట ఎక్కువ. స్నాప్‌షాట్ అను క్షణచిత్రమును నకలని భ్రమపడువారును కలరు. అది అదే డిస్కుపై నుండును, డిస్కు పోయినచో అదియు పోవును. అతిథుల పూర్తి నకళ్లు వేరొక డిస్కుపై, వీలైనచో వేరొక భవనములో, వారమునకొకసారి చేరవలెను. ఆ నకలు నుండి ఒక అతిథిని తిరిగి లేపి చూచిన దినమునగాని నకలున్నదని నమ్మరాదు.

కొనుగోలు సంఘములు సాధారణముగా కొటేషనులో ధరను, గ్యారంటీని మాత్రము చూచును. ఈసారి సర్వరు కొనునపుడు మూడు ప్రశ్నలు చేర్చవలెనని మేము కోరుచున్నాము. ఈ యంత్రపు ప్రాసెసరును, నెట్‌వర్కు కార్డును మేము ఎన్నుకొన్న హైపర్‌వైజరు వచ్చు సంచికలో కూడ అంగీకరించునని వ్రాసి ఇత్తురా? అతిథుల లైసెన్సులతో కలిపి అయిదేండ్ల ఖర్చు ఎంత? మా ఉర్దూ సాఫ్టువేరు డాంగిలును ఈ యంత్రమునకు గుచ్చి, అతిథిలో తెరచి మా కన్నుల ఎదుట చూపుదురా? మూడవ ప్రశ్నకు సమాధానము కాగితముపై అడుగక, డాంగిలును, పాత సంచిక ఫైలు ఒకదానిని జేబులో పెట్టుకొని దుకాణమునకే వెళ్లి అడుగుట మంచిది.